ఐదో డబ్బా

కోరుట్లలో మా గల్లీ చివర రెండు గదుల రేకుల ఇల్లు మొండయ్యది. ఆయన గురించి ఎవరిని అడిగినా రెండు ముక్కలు చెబుతారు. పదిహేనేళ్లు దుబాయిలో ఉండి వచ్చాడు. వచ్చాక టీచరమ్మ కారు పాడుచేశాడు. మొదటిది నిజం. రెండోది నేను పుట్టించిన అబద్ధం. ఆ టీచరమ్మను నేనే.

సర్కారు బళ్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. నా నోరు మంచిది కాదని పిల్లలు అంటారు, తోటి టీచర్లు అంటారు, నేనూ కాదనను. పెళ్లి చేసుకోలేదు, దాని కథ వేరు, అది మీకు అనవసరం. ఇక్కడ రాయాల్సింది మొండయ్య గురించి. రాద్దామని నాలుగుసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ సిగ్గుతో లేచిపోయాను. ఈసారి లేవదలచుకోలేదు.

చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమకాలు సన్నబడిపోయింది. క్లచ్ తొక్కలేను. అందుకే 2017లో హైదరాబాద్‌లో ఒకాయన వాడిన ఆటోమేటిక్ కారు కొన్నాను. గేర్లు దానంతట అదే మార్చుకుంటుంది, కుడికాలు ఒక్కటుంటే చాలు. నలభై మూడేళ్ల వయసులో మొదటిసారి ఎవరినీ బతిమాలకుండా బడికి వెళ్లాను. ఏడాది తిరిగిందో లేదో, రివర్స్ వేస్తే ఎగిరిపడడం, గేరు మారేటప్పుడల్లా వెనక నుంచి ఎవరో తన్నినట్టు కుదపడం మొదలుపెట్టింది. కరీంనగర్‌లో ఒక షెడ్డులో చూపిస్తే గేర్ బాక్సు మొత్తం మార్చాలన్నారు. నా ప్రాణం ఉసూరుమంది.

అప్పుడు రూతమ్మ చెప్పింది. రూతమ్మ మొండయ్య భార్య. పొద్దంతా గడప దగ్గర కూర్చుని బీడీలు చేస్తుంది, ఆదివారం పొద్దున మాత్రం తెల్లచీర కట్టుకుని చర్చికి పోతుంది. వాళ్ల కూతురు రాధిక నా దగ్గరే పదో తరగతి చదివి ఇంటర్‌లో చేరింది. "మా ఆయన షార్జాల గదే పని చేసిండు మేడం. ఒక్కపారి చూపియ్యుండ్రి," అంది రూతమ్మ.

మొండయ్యది సారంగాపూర్ దగ్గర ఊరు. తండ్రి ఆగయ్య ఒకే ఇంట్లో పాలేరుగా జీతం ఉండి అక్కడే ముసలివాడయ్యాడు. గజం భూమి లేదు. మొండయ్య తాపీ మేస్త్రీల వెంట కూలికి తిరుగుతూ కోరుట్ల చేరి, రూతమ్మను చేసుకుని, 2003లో బిల్డింగ్ కంపెనీ వీసా మీద దుబాయి విమానం ఎక్కాడు. అప్పుడు రాధికకు రెండేళ్లు. ఎనిమిది నెలలకు కంపెనీ మూతపడింది. పాస్‌పోర్టు కంపెనీ వాళ్ల దగ్గరే ఉండిపోయింది. కాగితాలు లేకుండా దాక్కుని బతికేవాళ్లను అక్కడ మనవాళ్లు ఖల్లివెల్లి అంటారు. మొండయ్య ఖల్లివెల్లి అయ్యాడు.

దుబాయి పక్కనే షార్జాలో ఒక కార్ల షెడ్డు నడిపే పెషావర్ ఉస్తాద్ దయతలచి పని ఇచ్చాడు. పోలీసులు ఎప్పుడు వస్తారో తెలియదు కాబట్టి, పొద్దున కార్ల కింది గుంతలోకి దిగితే షెడ్డు మూసేదాకా పైకి రాకూడదు. అన్నం కూడా గుంతలోకే. మూడేళ్లు అట్లా మనుషుల కాళ్లు తప్ప ముఖాలు చూడకుండా ఆటోమేటిక్ గేర్ బాక్సుల పని నేర్చుకున్నాడు. తర్వాత అక్కడి సర్కారు, కాగితాలు లేనివాళ్లు శిక్ష లేకుండా ఇంటికి పోవచ్చని ఆమ్నెస్టీ ఇస్తే ఇంటికి వచ్చి, ఈసారి సరైన కాగితాలతో అదే ఉస్తాద్ దగ్గరికి పోయాడు. పదేళ్లు పేరున్న మెకానిక్‌గా పనిచేశాడు. అన్నీ కలిపినా రాధిక పుట్టిన తర్వాత ఆయన ఇంట్లో ఉన్నది మూడేళ్లు కూడా ఉండదు.

2018 జనవరిలో ఉస్తాద్ షెడ్డు అమ్మేసుకుని వాళ్ల దేశం పోతే మొండయ్య ఇంటికి వచ్చేశాడు. ఇక పోనన్నాడు. రాధిక నాన్నతో మాట్లాడాలంటే ఇంకా బెరుకుపడేది, కొత్త చుట్టం ముందు కూర్చున్నట్టు కూర్చునేదట. ఆ బెరుకు పోయేదాకా అయినా ఉంటానని రూతమ్మతో అన్నాడు. కానీ ఇక్కడ ఎవరూ ఆయన చేతికి కారు ఇవ్వలేదు. దుబాయి నుంచి వచ్చి మెకానిక్‌నని చెప్పుకునేవాళ్లను చాలామందిని చూశామన్నారు. నాలుగు నెలలు మళ్లీ సిమెంటు తట్టలు మోశాడు. ఈలోగా జగిత్యాల ఏజెంటు ఇంకో వీసా కబురు పంపాడు. మే నెలలో ఫలానా బుధవారం లోపల పాస్‌పోర్టు తెచ్చి ఇస్తే సరే, లేకపోతే వేరేవాళ్లకు పోతుందన్నాడు.

వేములవాడలో లాడ్జి నడిపే శంకరయ్య మా సిరిసిల్ల మనిషే, మా పుట్టింటి వాడలో పెరిగాడు. ఆయనకు రెండు ఆటోమేటిక్ కార్లున్నాయి. లాడ్జి వెనక రోడ్డు మీదికి ఒక షెడ్డు ఖాళీగా ఉంది. గుడికి వచ్చే హైదరాబాద్ కార్లు ఆ రోడ్డు మీద తెంపు లేకుండా తిరుగుతాయి. మొండయ్య సంగతి నేను చెబితే శంకరయ్య, ముందు నీ కారు బాగుచేయనియ్యి టీచరమ్మా, నేను కూర్చుని చూస్తా, బాగుంటే నా రెండు కార్లూ ఇస్తా, షెడ్డు కూడా ఇస్తా అన్నాడు. అంటే బుధవారం లోపల నా కారు బాగైతే మొండయ్య ఉంటాడు, లేకపోతే పోతాడు. ఇది నాకు ముందే తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

మొండయ్య మొదట వచ్చినప్పుడు బానెట్ ఎత్తి, గేర్ బాక్సు నూనె చూసే పుల్ల లాగి, ఒక తెల్లగుడ్డ మీద తుడిచి వాసన చూశాడు. మాడలేదు, మురికైంది, అంతే అన్నాడు. నూనె, లోపలి ఫిల్టరు మారిస్తే చాలట. ఏ రకం నూనె కావాలో చీటీ మీద రాసిచ్చాడు. నాలుగు లీటర్లు పట్టొచ్చు, ఒకటి ఎక్కువ తెప్పించుండ్రి, మిగిలితే వాపస్ ఇద్దాం అని కూడా చెప్పాడు. ఈ చివరి మాట నేను విన్నాను. విన్నానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. జగిత్యాల నుంచి ఒక్కో లీటరువి ఐదు డబ్బాలు, ఫిల్టరు తెప్పించాను.

ఆ బుధవారానికి ముందటి ఆదివారం పొద్దున్నే పని మొదలుపెట్టాడు. మా ఇంటి ముందు నేల కొంచెం వాలుగా ఉంటుంది. మామూలు మెకానిక్ అయితే చూసేవాడు కాదు. మొండయ్య ఇంటికి పోయి, తాపీ మేస్త్రీలు గోడల మట్టం చూసే నీళ్ల పైపు తెచ్చాడు. దాని ఒక కొస నన్ను పట్టుకోమని, నాలుగు చక్రాల దగ్గరా నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో చూసి, టేకు దిమ్మెలు పెట్టి కారును సరిగ్గా మట్టానికి లేపాడు. ఇంజన్ కాసేపు నడిపి, నూనె గోరువెచ్చగా అయ్యాక కింద పడుకుని నట్టు విప్పాడు. కాఫీ డికాక్షన్ రంగులో జారింది. అది దిగిపోయాక అడుగు పళ్లెం బోల్టులు ఒక్కొక్కటీ వదులు చేసి పళ్లెం దించాడు. లోపల అయస్కాంతానికి బూడిదరంగు పిండి అంటుకుని ఉంది. దాన్ని వేళ్ల మధ్య రాసి నాకు చూపించాడు. ముక్కలు లేవు, పిండే ఉంది, గేర్లు మంచిగ ఉన్నాయని అర్థం అన్నాడు.

పళ్లెం తుడవడానికి నూలు రాలని గుడ్డ కావాలన్నాడు. ఒక్క పోగు లోపల పడ్డా సన్నటి దారులు మూసుకుపోతాయట. బట్ట నేసే సిరిసిల్ల ఆడబిడ్డ ఇంట్లో గుడ్డకు కరువా. పాలిస్టర్ ముక్క తీసి ఇచ్చాను. పాత ఫిల్టరు లాగి కొత్తది బిగించాడు. పళ్లెం ఎక్కించి బోల్టులు ఇటొకటి అటొకటి, వేళ్లకు తెలిసినంత బిగువే, ఎక్కువ కాదు. తీసిన పాత నూనెను లీటరు గీతలున్న జగ్గుతో కొలిచాడు. నాలుగు లీటర్లు, చుక్క తేడా లేదు. పైన పుల్ల గొట్టంలో పొడుగు గరాటు పెట్టి సరిగ్గా నాలుగు డబ్బాల ఎర్రటి నూనె పోశాడు. ఇంజన్ నడుస్తుండగా గేరు కర్రను ఒక్కో చోట కొంచెంసేపు నిలిపి, ఊరి చుట్టూ ఒక తిరుగు తిప్పుకొచ్చి, వేడి మీద మళ్లీ పుల్ల లాగి చూశాడు. నూనె పుల్ల మీది రెండు గీతల మధ్య, ఉండాల్సిన చోటే నిలిచింది. నన్నూ చూడమన్నాడు. కారు మెత్తగా నడిచింది. నేను కొన్ననాడు కూడా అంత మెత్తగా లేదు. మొండయ్య ముఖం చూడాలి అప్పుడు. ఆ మనిషి నవ్వగా చూడడం అదే మొదలు.

ఐదో డబ్బా మిగిలింది. సీల్ తీయలేదు. జగిత్యాలకు ఎవరైనా పోతే దుకాణంలో వాపస్ ఇప్పిస్తానని దాన్ని తన సంచిలో పెట్టుకోబోయాడు. నేను వద్దన్నాను. ఇక్కడే పెట్టు అన్నాను. అన్న తీరు కూడా బాగాలేదు. ఆయన డబ్బాను గుడ్డతో తుడిచి కిటికీలో పెట్టాడు. చేతులు కడుక్కుని, రేపు శంకరయ్య సార్ వచ్చినప్పుడు పిలవమని చెప్పి వెళ్లిపోయాడు.

నాకు మనసు కుదురుకోలేదు. మెకానిక్‌లు ఐదు తెప్పించి నాలుగు పోసి ఒకటి నొక్కేస్తారని మా బడిలో ఒక సారు ఎప్పుడూ అంటుంటాడు. మొండయ్య సంచి వైపు చెయ్యి పోవడం కళ్లముందు ఆడింది. పైగా డబ్బులు పెట్టి కొన్న నూనె కారు కోసం కొన్నది, కారులో ఉంటేనే కదా దానికి మేలు అనిపించింది. మా ఇళ్లల్లో దీపంలో అయినా, పచ్చడి జాడీలో అయినా నూనె కొంచెం ఎక్కువ పోసిందానికి ఎవరూ తిట్టరు. నేను డబ్బా సీల్ తీశాను. గరాటు అక్కడే ఉంది. ఐదో లీటరు మొత్తం పోసేశాను. ఎనిమిదో తరగతికి ద్రవాల కొలత చెప్పే మనిషిని నేను.

మా నాయిన సిరిసిల్లలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసేవాడు. సేటు నూలు తూచి ఇచ్చేవాడు, బట్ట తూచి తీసుకునేవాడు. ఒకసారి మిగిలిన నూలు కండెలు వాపస్ ఇద్దామని నాయిన సంచిలో పెట్టుకుంటే సేటు అందరి ముందూ సంచి బోర్లించాడు. నేను అన్నం గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను, ఆరో తరగతి. ఆ తర్వాత నాయిన ఆ వీధిలో తలెత్తి నడవలేదు. ఆ నాయిన బిడ్డను నేను. డబ్బా సీల్ తీసినప్పుడు నాకు ఇది గుర్తు రాలేదు. గుర్తొస్తే చెయ్యి ఆగేదని రాయబోయాను. ఆ నమ్మకం కూడా నాకు లేదు.

సోమవారం పొద్దున శంకరయ్య బస్సులో కోరుట్ల వచ్చాడు. వేములవాడ దాకా నా కారులోనే పోదామన్నాడు. నేను నడిపాను, శంకరయ్య పక్కన, మొండయ్య వెనక. మొండయ్య ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కథలాపూర్ దాకా కారు బాగానే పోయింది. బండి కదులుతున్నట్టే లేదు టీచరమ్మా అన్నాడు శంకరయ్య. అద్దంలో మొండయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, వినపడనట్టు.

రుద్రంగి దాటాక ఎండ ముదిరింది. ఇంజన్ గోలపెడుతోంది కానీ కారు ముందుకు లాగడం లేదు. తర్వాత కింద నుంచి తెల్లటి పొగ, ఏదో మాడుతున్న వాసన. పక్కకు ఆపి కుంటుకుంటూ దిగాను. భయంతో నా నోరు లేచింది.

"పదిహేనేండ్లు ఆడ ఏం నేర్చుకున్నవ్ మొండయ్యా? గుంతల పండుకున్నవా?"

ఖల్లివెల్లి రోజుల సంగతి రూతమ్మ నాకు నమ్మి చెప్పుకున్నది. దాన్ని తీసి ఆయన ముఖాన కొట్టాను, శంకరయ్య ముందు.

మొండయ్య దిగి బానెట్ ఎత్తాడు. ఇంజన్ ఆపకుండా పుల్ల లాగి చూశాడు. దాని నిండా నురగ. నూనె పై గీతను దాటి వేలెడు పైన ఉంది. నూనె ఎక్కువైతే లోపల చక్రాలు దాన్ని చిలికి నురగ చేస్తాయని, నురగకు గేర్లను పట్టే బలం ఉండదని, పైకి తన్నిన నూనె సైలెన్సర్ మీద పడి పొగ లేస్తోందని చెప్పాడు. చెబుతుండగానే నాకు అంతా అర్థమైంది.

ఆయన కారు చల్లబడేదాకా ఆగి, కాలే తారు రోడ్డు మీద ఇస్త్రీ చొక్కాతోనే వెల్లకిలా పడుకుని, నట్టు వదులు చేసి నూనె ఖాళీ నీళ్ల సీసాలోకి పట్టాడు. ఒక లీటరు సీసా నిండాక పుల్ల చూస్తే సరిపోయింది. సీసాను ఎండకు ఎత్తి చాలాసేపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"మేడం, గా ఐదో డబ్బా ఇంట్లనే ఉన్నదా?"

శంకరయ్య నన్ను చూస్తున్నాడు. ఒక్క మాట. నేనే పోశాను అంటే అయిపోయేది. టీచరును, ఊళ్లో నలుగురికీ బుద్ధి చెప్పేదాన్ని, మెకానిక్‌ను నమ్మక దొంగచాటుగా నూనె పోశానని సిరిసిల్ల మనిషి ముందు ఎట్లా ఒప్పుకోను.

"ఉన్నది. సీల్ గూడ తియ్యలే," అన్నాను.

మొండయ్య సీసా మూత బిగించాడు. తల ఊపాడు. "అయితే నేనే తప్పిన," అన్నాడు.

శంకరయ్య చెడ్డవాడు కాదు. వేములవాడ చేరాక, కారు మళ్లీ మెత్తగా నడిచిన సంగతి ఒప్పుకుంటూనే, నూనె కొలిచి పోయడం రాని మనిషికి షెడ్డు ఎట్లా అప్పగించను అని నన్ను పక్కకు పిలిచి అన్నాడు. నిజమే అన్నట్టు ముఖం పెట్టాను.

మంగళవారం సాయంత్రం మొండయ్య మా ఇంటికి వచ్చాడు. ఒక్కసారి లెవల్ చూసి పోతా మేడం అన్నాడు. పుల్ల లాగి చూసి, నాకు ఇచ్చి, నూనె ఎక్కడ కనబడుతోందో చెప్పమన్నాడు. రెండు గీతల నడుమ అన్నాను. నాకు కూడా అక్కడే కనబడుతోంది, మరి ఆదివారం ఎక్కడ తప్పు చూశానో తెలుస్తలేదు అన్నాడు. అది నన్ను అడిగినట్టు లేదు, తనలో తాను అనుకున్నట్టు ఉంది. గేటు దగ్గర మేమిద్దరమే. శంకరయ్య లేడు, ఎవరూ లేరు. ఐదో డబ్బా ఖాళీది లోపల బీరువా వెనక దాచి ఉంది. నేను చెప్పలేదు. చీకటి పడుతోంది, ఇంటికి పో మొండయ్యా అన్నాను.

బుధవారం ఆయన జగిత్యాల పోయి పాస్‌పోర్టు ఇచ్చి వచ్చాడు. జూన్‌లో వెళ్లిపోయాడు. వెళ్లేముందు కండ్ల డాక్టరుకు చూపించుకున్నాడని రూతమ్మ తర్వాత చెప్పింది. కండ్లు మంచిగనే ఉన్నాయని డాక్టరు చెప్పినా ఈయన నమ్మలేదట. గల్లీలో మాట పాకిపోయింది. నేను పాకించలేదు, ఆపనూ లేదు. మనసు ఒప్పక రాధికకు పుస్తకాలు కొనిచ్చాను, బ్యాగు కొనిచ్చాను. రూతమ్మ రెండు చేతులెత్తి దండం పెట్టింది. ఆ దండం పెట్టించుకున్నాను. అన్నం ముందు కూర్చుంటే అదే గుర్తొచ్చేది.

అక్టోబర్‌లో ఒక శుక్రవారం. అక్కడ సెలవు రోజు. రూతమ్మ ఫోన్ పట్టుకుని మా గేటు తీసుకుని వచ్చింది. మేడంతో మాట్లాడతా అంటున్నడు అని నా చేతికిచ్చి, ఎప్పటిలాగే మెట్టు మీద కూర్చుంది.

"బండి ఎట్లున్నది మేడం?" అన్నాడు మొండయ్య. మళ్లీ పొగ వచ్చిందా, గేర్లు జారుతున్నాయా అని అడిగాడు. రాత్రుళ్లు అదే మనసులో తిరుగుతోందట. "పాడైతే చెప్పుండ్రి. నేను వచ్చినంక నా పైసలతోని బాగు చేయిస్త. నేను చేసిన తప్పుకు మీరు తిప్పలు పడొద్దు."

ఇక నా వల్ల కాలేదు.

"ఐదో డబ్బా నేనే పోసిన మొండయ్యా. నువ్వు పోయినంక. నిన్ను నమ్మక పోసిన. రోడ్డు మీద అబద్ధం చెప్పిన."

తిడతాడని చూస్తున్నాను. తిట్టు వింటే కొంచెం ఊపిరి ఆడేదేమో.

"డబ్బా మొత్తం పోసిండ్రా?" అన్నాడు.

"మొత్తం."

"అయితే నేను నాలుగే పోసిన."

"నాలుగే."

"పుల్ల గూడ సరిగనే చూసిన."

"సరిగనే చూసినవ్."

ఆయన ఊపిరి వదలడం వినిపించింది. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. ఈసారి వచ్చింది కార్ల పనికి కాదట, కూలీల క్యాంపుల్లో పాయఖానాలు కడిగే పనికి. మెకానిక్ వీసా ఉందని ఏజెంటు చెప్పినా వద్దన్నాడట. రెండు నెలల కింద వాళ్ల కంపెనీ వర్క్‌షాపులో గేర్ బాక్సుల మనిషి కావాల్సి వచ్చి, ఎవరో ఈయన పేరు చెబితే సూపర్వైజర్ పిలిచాడట.

"నాకు రాదని చెప్పిన మేడం. కండ్లు ఆనుతలేవని చెప్పిన. టీచరమ్మ అబద్ధమెందుకు చెప్తది, నా చెయ్యే తప్పింది అనుకున్న."

ఆ పని ఇప్పుడైనా అడగమని అన్నాను. వేరే మనిషి వచ్చాడట. నేను ఏడుస్తున్నది ఆయనకు వినిపించిందో లేదో. ఓదార్చలేదు, కోప్పడనూ లేదు.

"ఒక్క పని చెయ్యుండ్రి మేడం. ఫోన్ రూతమ్మకు ఇయ్యకముందే గీ మాట మీరే చెప్పుండ్రి. నేను చెప్తె నన్ను నేనే ఎనకేసుకొస్తున్న అనుకుంటది. రాధికకు గూడ చెప్పుమనుండ్రి."

రూతమ్మ మెట్టు మీది నుంచి లేచి, ఏమైంది మేడం, ఎందుకు ఏడుస్తున్రు అని ఫోన్ కోసం చెయ్యి చాచింది. నేను ఇవ్వలేదు. సంచి వైపు ఆయన చెయ్యి పోయినప్పుడు నేను ఏమనుకున్నానో అక్కడి నుంచి మొదలుపెట్టి, మంగళవారం సాయంత్రం గేటు దగ్గర నోరు మూసుకున్నదాకా అంతా చెప్పాను. ఆమె నా ముఖం చూడలేదు, ఫోన్ వైపే చూస్తూ విన్నది.

అంతా అయ్యాక, "గా రోజు సంది నేను గూడ ఆయననే అంటున్న మేడం," అంది. "చేతికొచ్చిన షెడ్డు పోగొట్టినవని, ఫోన్ చేసినప్పుడల్లా."

నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. నా ముందు మాట్లాడకుండా గేటు బయటికి పోయి, గోడవైపు తిరిగి నిలబడి మాట్లాడింది.